ఆ పిల్ల ముట్టని మంచినీళ్ళు

ఫిబ్రవరి 23, ఆదివారం

క్లినిక్‌లో నర్సు చెప్పింది కాబట్టి రాస్తున్నాను. "నానా, నీ బీపీ మాత్రలకు లొంగేది కాదు. నీ దిగుళ్ళన్నీ వీధి వీధంతా పంచుతావు, వాళ్ళు వాటికి ఇంకో రెండు కలిపి నీకే తిరిగిస్తారు. కాగితం మీద పెట్టెయ్యి, పుస్తకం మూసెయ్యి, పడుకో" అంది. ముసలిదాన్ని కాబట్టి ఊళ్ళో అందరికీ నేను నానానే. నేను మిడిల్ స్కూలు కూడా పూర్తి చెయ్యలేదు. అక్షరాలు వంకర పోతాయి. పోనీ, చూసేదెవరు గనక.

ఇవాళ్టివి. నీళ్ళ ట్యాంకు కింది దిమ్మె బీటవారింది. ఎండుగాలి రోజులు పోయినా తమ్ముడు న్సియాకు దగ్గు పోలేదు. గేటు బయట కెంకె, అదే పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలు, అమ్మే బ్రాగో తన పొయ్యిని గేటుకు ఇంకా దగ్గరగా జరిపింది, ఎప్పుడో నా గేటు కాలుతుంది.

చివరి గదిలో పిల్ల శుక్రవారం నుంచి బయటికి రాలేదు.

శుక్రవారం ఆమె ఫోన్ మోగింది. వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అంది. తర్వాత చప్పుడు లేదు. ఏడుపూ లేదు. ఏడిస్తే బాగుండేది, వెళ్ళి తలుపు కొట్టేదాన్ని.

పేరు దినెయో. దేశం లెసోతో. మన దేశం ఆఫ్రికా పడమటి వైపు, అదేమో అట్టడుగున దక్షిణాఫ్రికా కడుపులో చొక్కా గుండీలా ఉంటుందని న్సియా మ్యాపులో చూపించాడు. మిగతా గదుల్లో అద్దెకున్నవాళ్ళంతా మన పిల్లలే, ఏ శుక్రవారమో బస్సెక్కి అమ్మల దగ్గరికి పోతారు. ఈ పిల్లకు ఏ బస్సు ఉంది?

అయినా నేనెందుకు పట్టించుకోవాలి? ఆగస్టులో వచ్చిన రోజు నేను పళ్ళెంలో గ్లాసు పెట్టి మంచినీళ్ళు తీసుకెళితే, "వద్దు, నా దగ్గర ఉన్నాయి" అని సంచిలోంచి సీసా తీసి చూపించింది. ఊరి నీళ్ళు తాగొద్దని వాళ్ళ యూనివర్సిటీ వాళ్ళు చెప్పి పంపారట. ఇంటికొచ్చిన మనిషి నీళ్ళు తాగకపోతే ఇక అమానె ఎలా అడుగుతాం? నీళ్ళు దిగాకే కదా, ఏం కబురు తెచ్చావు తల్లీ అని అడిగేది. గ్లాసు తిరిగి తీసుకెళ్ళి కుండలో పోశాను. అది నేను మర్చిపోలేదు.

మర్చిపోవాలి. అదేం పెద్ద విషయం కాదు.

ఫిబ్రవరి 26, బుధవారం

తాటికాయ చారు తీసుకెళ్ళాను. తలుపు బెత్తెడు తెరుచుకుంది. "తిన్నాను నానా" అంది. గదిలో పొయ్యి వెలిగించిన వాసనే లేదు.

తల నున్నగా గీసుకుంది! జడలన్నీ పోయాయి.

బ్రాగోతో అంటే ఒకటే నవ్వు. "మళ్ళీ హైస్కూలుకు పోతుందేమో అక్కా, అక్కడ ఆడపిల్లలకి జుట్టు ఉండనివ్వరుగా! యూనిఫాం కుట్టించు, ఫీజు కట్టు. ఎండలు ముదురుతున్నాయి, నెత్తి చల్లగా ఉంటుందని గీసుకుందిలే. నువ్వు కూడా గీసుకో, నీ దిగుళ్ళకి గాలాడుతుంది."

ఎండకే అయుంటుంది.

మార్చి 1, శనివారం

ఎదురు వీధిలో పెద్దాయన చావు వేడుక. పొద్దుటినుంచి ఎరుపూ నలుపూ బట్టలు, షామియానాలు, డప్పులు, బస్సంత స్పీకర్లు. నేనూ నల్లబట్ట కట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల ఇంత ఎండలో కిటికీ మూసి, సందుల్లో బట్టలు కుక్కుకుంది.

"మన డప్పులు దానికి గోలగా ఉన్నట్టున్నాయి" అన్నాను తమ్ముడితో.

"నీకెప్పుడూ ఎదుటివాళ్ళ కిటికీలే" అన్నాడు. "అక్కా, నేను ముప్పై ఏళ్ళు లారీ తోలాను. ప్రతి గుంత దగ్గరా నీలా భయపడుంటే ఇంకా మొదటి ఊరు కూడా దాటేవాణ్ణి కాదు."

కిటికీ మూసుకుంటే గాలి ఎలా?

మార్చి 3, సోమవారం

ఆమె తలుపు పక్కన చెప్పులున్నాయి. వాటి మీది దుమ్ములో నిన్న పిల్లి నడిచిన అడుగులున్నాయి. ఇవాళా అలాగే ఉన్నాయి. క్లాసులకు పోవడం లేదన్నమాట.

తలుపు కొట్టాను. "నిద్రపోతున్నాను నానా." పట్టపగలు.

ఏమైనా అనరానిది జరిగితే?

ఆ మాట ఇక్కడ రాయను. రాస్తే పిలిచినట్టే.

మార్చి 5, బుధవారం, బూడిద పెట్టించుకున్న రోజు

గుడి బయట ఫాదర్ అందర్నీ అడుగుతున్నారు, ఈస్టర్ దాకా ఏం మానేస్తున్నారని. ఒకావిడ మాంసం అంది. ఒకాయన బీరు అన్నాడు, ఆయన భార్య "ఆమెన్" అని అరిచింది. నా వంతు రాగానే ఫాదర్ నన్ను నోరు తెరవనివ్వలేదు. "నానా దుఫియె, నువ్వు దిగులు మానెయ్యి. దేవుడు నీకంటే ముందు నుంచే ఈ లోకాన్ని చూసుకుంటున్నాడు. కాసేపు ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ గుచ్చుకుంది. ఇన్నేళ్ళూ నేను దేవుడి పనికి అడ్డం పడుతున్నానా?

నుదుటి మీద బూడిదతోనే మాటిచ్చాను. ఈస్టర్ దాకా దిగులు పడను.

"ఈస్టర్ దాకా నిలబడితే నీకో పెద్ద వేపుడు చేప ఊరికే ఇస్తాను" అంది బ్రాగో. "ఆ చేప నేనే తింటాననుకో. నీ సంగతి నాకు తెలీదూ?"

మార్చి 6, గురువారం

ట్యాంకు వైపు చూడలేదు.

మార్చి 9, ఆదివారం

దిగులు పడలేదు. చివరి గది దీపం ఇవాళ అసలు వెలగలేదు. వెలగకపోతే కరెంటు మిగులుతుంది.

మార్చి 12, బుధవారం

న్సియా అడిగాడు, "ఆ లెసోతో పిల్ల కనిపించి ఎన్నాళ్ళయింది అక్కా?"

"దాని బాగు దేవుడు చూసుకుంటాడు" అన్నాను.

నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు, జ్వరమేమోనని.

మార్చి 15, శనివారం

మాట నిలబెట్టుకుంటే దేవుడు ఎలా ఇస్తాడో చూడు!

దినెయో బయటికొచ్చింది. స్నానం చేసి, ఉతికిన గౌను వేసుకుని, వాకిట్లో నా పక్కన కూర్చుంది. మా భాషలో నాలుగు మాటలు, మిగతాది ఇంగ్లీషు, అదీ చాలనప్పుడు చేతులు. నవ్వింది కూడా. బ్రాగో దగ్గర కెంకె తెప్పిస్తే సగం తింది. ఆ పులుపు ఆమెకు ఎప్పుడూ పడేది కాదు, ఇవాళ ఏమీ అనలేదు. ముఖంలో కంగారు లేదు. పరీక్ష రాసేసి హాల్లోంచి బయటికొచ్చిన పిల్లలా ఉంది.

తర్వాత లోపలికి వెళ్ళి, మడత పెట్టిన దుప్పటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మందమైన ఉన్ని. నీలంగా, అంచుకు పసుపు గీతలు.

"ఇది నీకు నానా. వానలొస్తే చలేస్తుంది కదా."

"ఇంత మంచిది నాకెందుకు తల్లీ? చలేస్తే నీకు?"

"నాకు వద్దు" అంది.

ఇన్ని నెలలు ఎడంగా ఉన్న పిల్ల నన్ను తన మనిషి అనుకుంది. నీళ్ళ సంగతి నేనూ మనసులోంచి తీసేశాను. ఇంటికి వెళ్ళబోతున్నట్టుంది, అందుకే సంతోషం. ప్రయాణం ఉన్నవాళ్ళు బరువు తగ్గించుకుంటారు.

ఫాదర్ చెప్పింది నిజం. దిగులు మానేస్తే అన్నీ సర్దుకుంటాయి.

మార్చి 16, ఆదివారం

దుప్పటి కప్పుకుని పడుకున్నాను, ఫ్యాను ఆపి మరీ. చెమటలు కారాయి. ఉన్నికి కట్టెల పొగ వాసన ఉంది, మా పొగ వాసన కాదది. ఒక మూల ఎవరో చేత్తో చక్కగా కుట్టిన అతుకు ఉంది. కొన్న కొత్త దుప్పటి కాదు, ఎవరో ఏళ్ళ తరబడి కప్పుకున్నది.

ఇలాంటిది ఎవరైనా ఇచ్చేస్తారా?

మాట ఇచ్చాను. దిగులు పడటం లేదు.

మార్చి 17, సోమవారం

దిగులు పడటం లేదు.

మార్చి 18, మంగళవారం

సాయంత్రం గేటు దగ్గర బ్రాగో కొత్త కెటిల్‌లో నీళ్ళు కాస్తోంది. "ఎక్కడిదే?" అన్నాను.

"నీ చివరి గది పిల్ల ఇచ్చింది. మంచి పిల్ల అక్కా. ఊరికే నోరు లేదనుకున్నాం."

న్సియా కుర్చీలోంచి తలెత్తాడు. "నాకు గొడుగిచ్చింది. ఆదివారం. చిన్న రేడియో కూడా."

ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. పొయ్యి మీద నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి.

"ఊరికి పోతోంది కదా" అన్నాను నేను. నా గొంతు నాకే దొంగదానిలా వినిపించింది.

"పోతున్నానని చెప్పిందా?"

"చెప్పలేదు. కానీ..."

"అక్కా, నా బండిలో ఎంతమందిని ఎక్కించుకున్నాను" అన్నాడు న్సియా. దగ్గు కూడా ఆపుకుని మాట్లాడుతున్నాడు. "ఊరికి పోయేవాడు ముందు మార్కెట్‌కి పోతాడు. అమ్మకి గుడ్డ, మేనత్తకి సబ్బు, చిన్నపిల్లలకి బిస్కెట్లు. మూటలు కట్టలేక చస్తాడు. ఈ పిల్ల కెజెటియా మార్కెట్ మొహం చూసిందా? ఇంటికి పోయేవాడు కొంటాడక్కా. ఇవ్వడు."

నేను లేచి వాకిలి చివరికి వెళ్ళాను. ఆమె కిటికీ ఇవాళ సగం తెరిచి ఉంది. అలమారు మీద సూట్‌కేసు ఆగస్టులో పెట్టిన చోటే, అలాగే ఉంది. దాని మీద పరిచిన పాత పేపర్లు కూడా కదల్లేదు. దినెయో మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. ఆ శనివారం నవ్వే.

తిరిగి గేటు దగ్గరికొచ్చి చూసింది చెప్పాను. బ్రాగో కెటిల్‌ని పొయ్యి మీంచి దించేసింది, అది కాటేస్తుందన్నట్టు.

"మన ఇంటి కప్పెవరో లాగేసినట్టు ఉందక్కా నాకు" అంది. "ఇప్పుడేం చేద్దాం?"

"నువ్వు నవ్వు" అన్నాను. "నా దిగుళ్ళంటే నీకు నవ్వు కదా, నవ్వు! అందరూ కలిసి నా నోరు కట్టేశారు. ఫాదరు, నువ్వు, వీడు, ఆ నర్సు. ఇన్నేళ్ళూ లేనిపోనివాటికి ఏడ్చాను. ఏడవాల్సిన దానికి నోరు మూసుకుని దుప్పటి కప్పుకుని పడుకున్నాను!"

బ్రాగో నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది.

న్సియా తన మంచం లాక్కొచ్చి ఆమె గుమ్మం ఎదురుగా వేసుకున్నాడు. గదిలో ఉక్కపోత అని అబద్ధం చెప్పాడు.

దేవుడా, మాట తప్పాను. ఏం శిక్ష వేస్తావో నాకు వెయ్యి.

మార్చి 19, బుధవారం

ఎక్కడ మొదలుపెట్టను.

పొద్దున్నే బ్రాగోకి చెప్పాను, "నేను వచ్చేదాకా ఆ పిల్లని వీధి దాటనివ్వకు. ఏదో ఒకటి చెప్పి ఆపు." న్సియాకి గది తలుపు అప్పగించాను. ట్రోట్రో వ్యాను పట్టుకుని యూనివర్సిటీకి వెళ్ళాను. పిల్లల మనసు బాగోకపోతే చూసే ఆఫీసు ఒకటుందని అద్దెకున్న పిల్లలు అంటుంటే విన్నాను. ఎక్కడా అని గేటు దగ్గర అడిగితే ఒకడు ఆసుపత్రి చూపించాడు, ఒకడు లైబ్రరీ చూపించాడు. చివరికి మెట్ల కింద పసుపు తలుపు.

కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. బల్ల దగ్గర పిల్ల నన్ను చూసి, "నానా, ఇది స్టూడెంట్లకే. ఆ అమ్మాయి స్వయంగా రావాలి, పేరు రాసుకుంటాం" అంది.

"వచ్చే పిల్లయితే నేనెందుకు వస్తానమ్మా?"

"రూలు నానా."

నేను అక్కడే నేల మీద చతికిలబడ్డాను. ఆ గొడవకి లోపలి నుంచి ఒకావిడ వచ్చింది. పొట్టిగా, మెడలో తాడుకి కళ్ళజోడు వేలాడుతూ. మేడమ్ పొమా అట. నా పక్కనే నేల మీద కూర్చుంది, ఆ ఇస్త్రీ చేసిన గౌనుతోనే. నీళ్ళు తెప్పించింది. తాగాను. "ఇక్కడంతా చల్లగా ఉంది నానా. దారిలో ఉన్నది మీరు. ఏం కబురు?" అని మా పద్ధతిలోనే అడిగింది.

"చెడ్డదేం కాదు" అన్నాను. అందరం ముందు అదే అంటాం కదా, ఇల్లు తగలబడుతుంటే కూడా. తర్వాత మొత్తం చెప్పాను. ఫోను, తల గీసుకోవడం, కిటికీ, దుప్పటి, కెటిల్, గొడుగు.

దుప్పటి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి నుంచి మళ్ళీ చెప్పమంది.

"నానా, మీరు అడిగారా ఆ అమ్మాయిని?"

"ఏమని?"

"చచ్చిపోవాలనిపిస్తోందా అని."

నేను చెవులు మూసుకున్నాను. "అమ్మా, ఆ మాట పలికితే దాన్ని ఇంట్లోకి పిలిచినట్టు కాదూ?"

"నేనూ ఇక్కడే పుట్టాను నానా, నాకూ అలాగే చెప్పి పెంచారు. కానీ ఈ కుర్చీల్లో చాలామందిని చూశాను. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ముందే ఉంటే, అడిగినవాళ్ళొకరు దొరికారని గుండె బరువు తగ్గుతుంది. చుట్టూ తిప్పకుండా అడగండి. ఏం చెప్పినా కసరకండి, ప్రసంగం చెయ్యకండి. ఒంటరిగా వదలకండి. గదిలో మాత్రలూ అలాంటివీ ఏమున్నా తీసి దాచండి. లోపల ఒకమ్మాయి ఉంది, తనని మధ్యలో వదిలి రాలేను. అది అవగానే నేనే మీ ఇంటికి వస్తాను."

నా ఫోనులో తన నంబరు తానే ఎక్కించింది.

తిరుగు దారిలో ట్రోట్రో కదలదు. ముందు ఎవరిదో శవం బండి, దాని వెనక ఎర్రబట్టల జనం. నేను కిటికీ వైపు చూడకుండా జపమాల పట్టుకున్నాను. బ్రాగోకి ఫోన్ చేస్తే ఎత్తదు. మళ్ళీ చేశాను. ఎత్తదు. పక్క సీటాయన "నానా, అంత గట్టిగా ఊపిరి పీల్చకు, మాక్కూడా మిగల్చు" అన్నాడు. బండి దిగి మిగతా దూరం నడిచాను. పరిగెత్తాననే చెప్పాలి.

మా వీధి మలుపు తిరిగాను. గేటు బయట బ్రాగో బల్ల దగ్గర దినెయో ఉంది.

చిన్న సంచి భుజానికి ఉంది. అదే ఉతికిన గౌను. కానీ రెండు చేతులూ మోచేతుల దాకా పిండి. బ్రాగో మణికట్టుకి గుడ్డ చుట్టుకుని మూలుగుతోంది, "అయ్యో నా చెయ్యి, ఇంకో నాలుగు చుట్టు తల్లీ, నీకు పుణ్యముంటుంది. అలా కాదు, మొక్కజొన్న కండె ఆకు మడత ఇటు. మీ దేశంలో మూట కట్టడం కూడా నేర్పలేదూ?" ఆ పిల్ల అక్కడ ఎంతసేపటి నుంచి ఉందో గాని, బల్ల మీద చుట్టిన కెంకె గుట్ట నా నడుము దాకా ఉంది. గేటు లోపల న్సియా కుర్చీ అడ్డంగా వేసుకుని రేడియో వింటున్నట్టు నటిస్తున్నాడు. రేడియో మోగడం లేదు.

"ఎక్కడికి తల్లీ?" అన్నాను.

"కొంచెం నడిచొస్తాను నానా." నా వైపు చూడలేదు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు వెతుకుతోంది.

మేడమ్ చెప్పిన మాట నోటి దాకా వచ్చి ఆగింది. వీధిలో నిలబడి, వెళ్ళిపోయే మనిషిని మనం ఏమీ అడగం. వచ్చే మనిషిని అడుగుతాం. నా పెద్దవాళ్ళు నేర్పింది అదొక్కటే నాకు వచ్చు.

"లోపలికి రా" అన్నాను.

"నానా, నేను ఇప్పుడే..."

"గేటులోంచి లోపలికి రా. చుట్టం వచ్చినట్టు రా."

"నేను ఇక్కడే కదా ఉంటున్నాను?" వింతగా చూసింది.

"లేదు. నువ్వింకా ఈ ఇంటికి రాలేదు తల్లీ. ఆగస్టు నుంచి నిన్ను గేటు బయటే నిలబెట్టాను. ఇప్పుడు రా."

న్సియా కుర్చీ తీసి పక్కకు జరిగాడు. బ్రాగో ఆమె చేతులు తన నడుముకు కట్టుకున్న గుడ్డతోనే తుడిచింది. ఆ పిల్ల ఎందుకు వచ్చిందో నాకు తెలీదు. బహుశా ముసలిదానితో వాదించే ఓపిక లేక. గేటు దాటి వచ్చి, వాకిట్లో నేను చూపించిన బల్ల మీద కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది, రెండు చేతులతో పట్టుకుని.

కుండలోంచి నీళ్ళు ముంచాను. గ్లాసు పళ్ళెంలో పెట్టాను. తొందరలో సగం పళ్ళెంలోనే ఒలికాయి. ఇచ్చాను.

చాలాసేపు గ్లాసు వైపు చూసింది. మళ్ళీ వద్దంటుందనుకున్నాను.

తాగింది. మొత్తం తాగింది.

ఎదురుగా కూర్చున్నాను. "ఇక్కడంతా చల్లగా ఉంది. దారిలో ఉన్నది నువ్వు. ఏం కబురు తెచ్చావు?"

ఇన్ని నెలలుగా ఈ వాకిట్లో వచ్చే పోయే చుట్టాలందరినీ తన కిటికీలోంచి వింది కదా. ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. "చెడ్డదేం కా..." అని మా భాషలోనే మొదలుపెట్టి ఆగిపోయింది.

అప్పుడు అడిగాను. దేవుడు నన్ను క్షమిస్తాడు, లేకపోతే లేదు. "తల్లీ, చచ్చిపోవాలనుకుంటున్నావా?"

గేటు దగ్గర బ్రాగో "హా" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆకాశం విరిగి మీద పడలేదు. ట్యాంకు కూడా కూలలేదు.

దినెయో నా మొహంలోకి చూసింది. ఇన్ని నెలల్లో అదే మొదటిసారి నేను ఆమె కళ్ళు సరిగా చూడటం.

"చెడ్డదే నానా" అంది. "చాలా చెడ్డ కబురు."

ఆ మాటతో మొదలుపెట్టిన చుట్టాన్ని నా జన్మలో చూడలేదు.

ఇక ఆగలేదు. వాళ్ళమ్మ జనవరిలో పోయిందట. ఈ పిల్ల చదువు చెడుతుందని మేనమామలు చెప్పకుండా మట్టి చేసేశారు. అంతా అయ్యాక, ఆ శుక్రవారం ఫోన్ చేసి చెప్పారు, ధైర్యంగా ఉండు, పరీక్షలు బాగా రాయి అని. "ఇక్కడ ప్రతి శనివారం ఎవరో ఒకళ్ళకి డప్పులు కొడతారు నానా. వీధంతా కూర్చుంటారు. మా అమ్మ గుంతలో నేను పిడికెడు మట్టి వెయ్యలేదు." వాళ్ళ దేశంలో చావు జరిగితే ఇంటివాళ్ళ తలలు పెద్దవాళ్ళు గీస్తారట. ఇక్కడ గీసే పెద్దవాళ్ళు లేక, అద్దం ముందు తనే గీసుకుంది.

మా అమ్మ కూడా మా నాన్న పోయినప్పుడు గీయించుకుంది. అది నేను చూశాను, చిన్నప్పుడు. చూసి కూడా, ఎండకి అనుకున్నాను.

దుప్పటి వాళ్ళమ్మది.

ఆ పసుపు తలుపు దాకా తనూ ఒకసారి వెళ్ళిందట. లోపల అంతమందిని చూసి, వాళ్ళందరి కష్టాల ముందు నాదేం ఎక్కువని తిరిగొచ్చేసింది.

నేను ప్రసంగం చెయ్యలేదు. నాలుక కరుచుకుని కూర్చున్నాను. ఆమె సంచి నా వైపు జరిపింది. అందులో ఏముందో చూశాను, తీసుకున్నాను, నా ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇక్కడ రాయను.

మేడమ్ పొమా వచ్చేసరికి దినెయో నా భుజం మీద ఏడుస్తోంది, పెద్దగా, వీధికంతా వినపడేలా. మేడమ్ తొందర పెట్టలేదు. వాకిట్లో కూర్చుంది. బ్రాగో ఆవిడకీ నీళ్ళిచ్చింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ లోపల తలుపేసుకుని మాట్లాడుకున్నారు, పొద్దుగూకేదాకా.

ఆ పిల్ల మంచం నా గదిలోకి మార్చాం.

మార్చి 20, గురువారం

ఊపిరి వింటూ పడుకున్నాను. ఉంది.

మార్చి 22, శనివారం

మేడమ్ ఆసుపత్రిలో డాక్టర్‌కి కూడా చూపించింది. మాత్రలిచ్చారు, అవి నా దగ్గరే ఉంటాయి. యూనివర్సిటీ వాళ్ళు చదువుకి గడువిచ్చారు. ఇది ఒక్క రోజుతో పోయేది కాదని మేడమ్ నాకు గట్టిగా చెప్పింది. "మంచి రోజులూ వస్తాయి, మళ్ళీ చెడ్డవీ వస్తాయి. చెడ్డ రోజు వచ్చిందని మీరు భయపడిపోకండి నానా." భయపడొద్దని నాకు చెబుతోంది! కొత్తది, తెలీదు పాపం.

దుప్పటి తిరిగి ఇచ్చాను. తీసుకోదేమో అనుకున్నాను. తీసుకుంది. మొహానికి పెట్టుకుంది.

మార్చి 29, శనివారం

ఇవాళ మా వాకిట్లో వాళ్ళమ్మకి కూర్చున్నాం. షామియానా లేదు, స్పీకర్లు లేవు. న్సియా చర్చి నుంచి కుర్చీలు తెచ్చాడు, మొయ్యలేక దగ్గుతూ. వీధివాళ్ళు ఎరుపూ నలుపూ కట్టుకుని వచ్చారు, చూడని మనిషి కోసం. వచ్చినవాళ్ళందరికీ నీళ్ళిచ్చి అడిగాం. పేరు అడిగారు. దినెయో చెప్పింది, "మాథాబో". ఆ పేరు మా వాకిట్లో ఎంతమంది నోట తిరిగిందో. సరిగ్గా పలికినవాడు ఒక్కడూ లేడు.

లెసోతో నుంచి మేనమామ ఫోనులో బొమ్మతో సహా వచ్చాడు. దినెయో ఆయన మీద అరిచింది. ఆయన తల దించుకుని విన్నాడు.

పెరట్లో మొక్కజొన్న పక్కన పిడికెడు మట్టి తీసి, చిన్న గుంతలో వేసింది. నేనూ వేశాను.

ఏప్రిల్ 20, ఈస్టర్

బ్రాగో చేప తెచ్చింది. సగం. "మాట తప్పావు కాబట్టి సగం. తప్పడం మంచిదైంది కాబట్టి తల వైపు సగం."

ఫాదర్‌కి జరిగింది చెప్పాను. "నానా, వచ్చే ఏడు నువ్వు చక్కెర మానెయ్యి" అన్నారు.

ఏప్రిల్ 22, మంగళవారం

మంగళవారాలు ఆ పిల్ల మేడమ్ దగ్గరికి వెళుతుంది. తిరిగొచ్చాక నేను వాకిట్లో ఆ రోజు కూర్చున్న బల్ల మీదే కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, అడుగుతాను. పోయిన వారం "చెడ్డదే" అంది. రెండు రోజులు దుప్పటి ముసుగులోనే ఉంది. మంచం పక్కన కూర్చున్నాను. అంతకుముందు వారం "సగం చెడ్డది నానా" అంది. ఏ సగమని బ్రాగో అడిగితే నవ్వింది. పరీక్ష రాసేసిన పిల్ల నవ్వు కాదు. పిండి అంటిన చేతుల పిల్ల నవ్వు.

ఇవాళ ఆలస్యమైంది. వాన పట్టేలా ఉంది. గొడుగు న్సియా తిరిగిచ్చాడో లేదో. ట్రోట్రో డ్రైవర్లు తడి రోడ్డు మీద ఎలా తోలుతారో నాకు తెలుసు. ట్యాంకు దిమ్మె బీట ఇంకా పెరిగింది, ఈ వానకి పడుతుంది, తప్పకుండా పడుతుంది.

గేటు చప్పుడైంది.

చాలు. నీళ్ళు ముంచాలి.